వరదకును కరవునకును నడుమ: మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు

చిక్కబళ్లాపురమునకు సమీపమున, నంది కొండల పాదమున ముద్దెనహళ్లి యను చిన్న గ్రామము కలదు. ఆ కొండల చుట్టుపట్లనే ఉత్తర పినాకిని, దక్షిణ పినాకిని, పాలారు, చిత్రావతి, అర్కావతి పుట్టుచున్నవి. ఇన్ని నదులకు పుట్టినిల్లయ్యును ఆ సీమలో ఏడాది పొడవున పారెడి యేరు ఒక్కటియు లేదు. వాన కురిసిన దినమున వాగులు పొంగును. కొలది దినములకే ఇసుక తేలును. అందువలననే మన పూర్వులు చెరువులు కట్టిరి. ఒక చెరువు అలుగు నీరు దిగువ చెరువునకు చేరునట్లు వానిని గొలుసుగా కూర్చిరి. కోలారు, చిక్కబళ్లాపురము ప్రాంతములలో పెరిగిన మన పిల్లలకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ ముద్దెనహళ్లిలో మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు సెప్టెంబరు 15వ తేదీన జన్మించిరి. సంవత్సరము 1860 అని కొందరును, 1861 అని కొందరును వ్రాయుచున్నారు. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు, తల్లి వెంకటలక్ష్మమ్మగారు. వీరి పూర్వులు ఆంధ్రదేశమున గిద్దలూరు ప్రాంతమందలి మోక్షగుండము నుండి మైసూరు సీమకు వలస వచ్చినవారు. ఊరు మారినను ఇంటిపేరును, ఇంటిభాషయైన తెలుగును వారు విడువలేదు. మన కుటుంబములలో పెక్కింటి కథయు ఇట్టిదే గనుక ఈ మహనీయుని మనవాడని చెప్పుకొనుటలో మనకు సంతోషమున్నది. ఐనను మేము ఈ వ్యాసమున ఆ సంతోషమును చాటుటకంటె, ఆయన నీటితో చేసిన పని యేమో, అందులోని చిక్కు ఎట్టిదో మన విద్యార్థులకు విశదము చేయదలచితిమి.

బాల్యముననే తండ్రి గతించుటచే కుటుంబమునకు ఇబ్బందులు కలిగెను. చిక్కబళ్లాపురములో ప్రారంభవిద్య ముగించి, బెంగళూరిలో మేనమామ రామయ్యగారి యండతో చదువు సాగించిరి. ఇతరుల పిల్లలకు పాఠములు చెప్పి వచ్చిన సొమ్ముతో తమ ఖర్చులు జరుపుకొనిరి. ఆయన బెంగళూరిలో చదువుకొనుచున్న దినములలోనే, అనగా 1876 మొదలు 1878 వరకు, దక్షిణ దేశమును మహాక్షామము పట్టి పీడించెను. మైసూరు రాజ్యమున ఇంచుమించు ఐదవవంతు జనము నశించిరని లెక్కలు చెప్పుచున్నవి. రెండు వరుస సంవత్సరములు వానలు తప్పగా చెరువుల గొలుసంతయు ఎండిపోయెను. చెరువు ఒక యేటి కరవును ఓర్వగలదు. రెండవ యేటి కరవును ఓర్వలేదు. పదునారేండ్ల బాలుడు ఆ దృశ్యమును చూచి యేమి తలచెనో మనకు తెలియదు. కాని తరువాతి యరువదేండ్లును ఆయన చేసిన పనిలో పెద్దభాగము, వాన కురిసిన నాటి నీటిని వాన లేని నాటికి దాచుటయే.

సెంట్రలు కళాశాలలో 1881లో బి.ఏ. పట్టము పొంది, మైసూరు ప్రభుత్వము ఇచ్చిన విద్యార్థివేతనముతో పూనా నగరమున ఇంజనీరింగు చదివిరి. 1883లో బొంబాయి రాజధానిలోనే ప్రథములుగా ఉత్తీర్ణులైరి. మరుసటి సంవత్సరమున బొంబాయి ప్రభుత్వపు పనుల శాఖలో సహాయక ఇంజనీరుగా చేరిరి. అక్కడ ఇరువది నాలుగేండ్ల సేవలో వారి చేతి మీదుగా జరిగిన పనులు పెక్కు. సింధు దేశమున సుక్కూరు పట్టణమునకు మంచినీరు కావలసి వచ్చెను. సింధునది నీరు బురదమయము. దానిని వడబోయుటకు వలయు పెద్ద తొట్లు కట్టుటకు ధనము చాలదు. అప్పుడు వీరు నది ఇసుకనే వడపోత గుడ్డగా ఉపయోగించిరి. నదీగర్భమున బావి త్రవ్వించి, ఇసుకగుండ ఊరిన తేటనీటిని ఊరికి ఎక్కించిరి. మన వంకలలో చెలమ త్రవ్వి నీరు ముంచుకొను పల్లెపడుచులకు ఈ యుపాయము క్రొత్తది కాదు. పట్టణమునంతటికిని దానిని పనికి వచ్చునట్లు చేయుటయే ఇంజనీరు ప్రజ్ఞ.

పూనా చెంత ఖడక్‌వాస్లా యను చోట ఫైఫు సరస్సు అను జలాశయము కలదు. దాని యలుగు మీదుగా ఏటేట వరదనీరు వృథాగా పోవుచుండెను. కట్టను పెంచవలెనన్న ఖర్చు అధికము. పైగా కట్ట పెంచినయెడల పెనువరద వచ్చిన నాడు ప్రమాదము. విశ్వేశ్వరయ్యగారు అలుగు మీద తమంతట తామే తెరచుకొని మూసుకొను తలుపులను అమర్చిరి. నీరు నియమితమైన గుర్తును చేరు వరకు అవి మూసికొనియుండి నీటిని నిలుపును. గుర్తు దాటినంతనే ఎవ్వరును చేయి పెట్టకయే తెరచుకొని ఎక్కుడు నీటిని వదలును. మట్టము దిగగనే మరల మూసికొనును. ఇట్లు పాత యలుగు కంటె ఎనిమిదడుగుల యెత్తు వరకు నీరు నిలిచెను. 1903లో అమర్చిన ఈ తలుపులకు హక్కుపత్రము పొందియు, ప్రభుత్వోద్యోగిగా తాము చేసిన పనికి ప్రత్యేక ప్రతిఫలము తగదని దాని వలన రాదగిన ధనమును ఆయన గ్రహింపలేదు. తరువాత గ్వాలియరు రాజ్యమున తిగ్రా జలాశయమునకును, కృష్ణరాజసాగరమునకును ఇట్టి తలుపులనే పెట్టిరి.

ఈ తలుపుల సంగతి ఇంత వివరముగా వ్రాయుటకు కారణము కలదు. జలాశయమునకు రెండు ధర్మములు గలవు. అవి యొకదానికొకటి విరోధులు. కరవునకు ఆదుకొనవలెనన్న జలాశయము నిండుగా ఉండవలెను. వరదను ఆపవలెనన్న వెలితిగా ఉండవలెను. నిండిన కడవలో మరియొక చెంబెడు నీరు పోసిన ఆ చెంబెడును నేల పాలగును. వరద వచ్చునని భయపడి ముందుగనే నీటిని వదలి, తరువాత వానలు ముఖము చాటువేసినచో రైతునకు ఏమి సమాధానము చెప్పవలెను? కరవు భయముచే నీటిని అంచుల దాక నిలిపి, నడిరేయి మేఘము విరిగిపడినచో దిగువ జనులకు ఏమి చెప్పవలెను? గుర్తు వరకు నిలిపి, గుర్తు దాటగనే వదలు ఆ తలుపు ఈ ప్రశ్నకు ఒక చిన్న జవాబు. పూర్తి జవాబు మాత్రము నేటికిని ఎవ్వరికిని దొరకలేదు.

దక్కను కాలువల క్రింద నీటిని పంచుటకు వీరు ఏర్పరచిన ఖండపద్ధతియు ఆ దినములలో ప్రసిద్ధమయ్యెను. కాలువ మొదట నున్న కొద్ది గ్రామములే నీరంతయు వాడుకొనకుండ, భూములను ఖండములుగా విభజించి, పంటలను వంతుల ప్రకారము మార్చుచు, నీరు ఎక్కువ గ్రామములకు అందునట్లు చేసిరి. 1906లో ఎర్రసముద్రపు వాకిట నున్న ఏడెన్ పట్టణమునకు పోయి అక్కడి మంచినీటికిని మురుగునీటికిని ప్రణాళికలు వ్రాసి ఇచ్చిరి. 1908లో బొంబాయి కొలువు విడిచి విదేశయాత్రకు బయలుదేరిరి. ఆ యాత్రలో నుండగనే హైదరాబాదు నుండి పిలుపు వచ్చెను.

ఆ పిలుపునకు కారణము మూసీనది. 1908 సెప్టెంబరు 28వ తేదీన ఆ నది హైదరాబాదు నగరముపై విరుచుకుపడెను. సాధారణ దినములలో మూసీ సన్నని యేరు. ఆనాడు ఎగువ ప్రాంతములందు ఒక్క పగలును ఒక్క రేయియు గడచునంతలో పండ్రెండంగుళములకు పైగా వర్షము కురిసెను. నదిపై నున్న వంతెనలలో పురానాపూల్ ఒక్కటియే రాకపోకలకు మిగిలెను. చనిపోయినవారు సుమారు పదునైదువేల మందియని అంచనా. అఫ్జల్‌గంజి చెంత ఆస్పత్రి ఆవరణములోని ఒక చింతచెట్టు నెక్కి నూటయేబది మంది వరకు ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు నేటికిని నిలిచియున్నది. హైదరాబాదు పోవు మన విద్యార్థులు చారుమినారుతో పాటు దానిని కూడ చూచి రావలెను.

విశ్వేశ్వరయ్యగారు 1909 ఏప్రిలులో హైదరాబాదు చేరి, ఈ ప్రళయము ఎట్లు కలిగెనని మొట్టమొదట విచారించిరి. నగరమునకు ఎగువ మూసీకి నీరు చేర్చు ప్రదేశము సుమారు 860 చదరపు మైళ్లు. అందులో 788 చెరువులుండెను. అనగా దాదాపు మైలునకొక చెరువు. వానిలో 221 చెరువులు తెగినవని తేలెను. పై చెరువు తెగిన నీరు క్రింది చెరువుపై పడును. అది తెగి తన నీటిని కూడ కలుపుకొని ఆ క్రింది దానిపై పడును. కరవున ప్రాణము నిలుపు గొలుసే వరదనాడు ఉరిత్రాడైనది. చెరువుల సీమలో పుట్టిన మనిషికి ఈ లెక్కను చదువుట కష్టము కాలేదని మేము తలచుచున్నాము.

నగరములో గోడలు కట్టి నదిని అణచుటతో చాలదని, నీరు నగరమునకు రాకమునుపే పైననే పట్టి నిలుపవలెనని వారు తమ నివేదికలో నిర్ణయించిరి. మూసీపై ఒకటియు, దాని యుపనదియైన ఈసీపై ఒకటియు రెండు పెద్ద జలాశయములను కట్టవలెనని సూచించిరి. నది యొడ్డున నగరవాసులు విహరించుటకు తోటలు, వీథులు ఏర్పరుపవలెనని, మురుగు కాలువలు త్రవ్వవలెనని కూడ చెప్పిరి. మూసీపై ఉస్మాను సాగరము 1920లోను, ఈసీపై హిమాయతు సాగరము 1927లోను పూర్తియయ్యెను. వానిని కట్టించినవారు ఇతర ఇంజనీర్లు. ప్రణాళిక మాత్రము ఈయనది. మురుగుకాలువల పనికై తరువాత 1922లోను, 1930లోను ఆయన మరల హైదరాబాదు పోయిరి.

వరదను ఆపుటకై పుట్టిన ఆ జలాశయములు నగరమునకు మంచినీటిని గూడ ఇచ్చినవి. గండిపేట నీరు త్రాగితిమని గొప్పగా చెప్పుకొను పెద్దలు హైదరాబాదులో ఇప్పటికిని గలరు. ఆదివారములందు కుటుంబసమేతముగా కట్టమీదికి పోయి చల్లగాలి పీల్చుటయు ఆ నగరమునకు ఒక ఆచారమయ్యెను. కాని త్రాగునీటి కొరకు నింపియుంచిన జలాశయము వరదనాడు ఎంత నీటిని పట్టగలదు? మేము పైన చెప్పిన చిక్కు ఇచ్చటను కలదు. 1908 నాటి ప్రళయము వంటిది మూసీలో మరల రాలేదు, నిజమే. ఐనను 2000లో ఆగస్టు మాసమునను, 2020లో అక్టోబరు మాసమునను హైదరాబాదులోని పెక్కు పేటలు మునిగినవి. 2020లో హిమాయతు సాగరము తలుపులు తెరువవలసి వచ్చెను. పాత చెరువులు పూడి, వాగుల దారులలో ఇండ్లు లేచిన చోట రెండు జలాశయములు మాత్రమే ఏమి చేయగలవు? విశ్వేశ్వరయ్యగారు లెక్కించిన 788 చెరువులలో నేటికి ఎన్ని మిగిలినవో లెక్కింపవలసిన పని మిగిలియున్నది.

1909 నవంబరులో మైసూరు రాజ్యపు ప్రధాన ఇంజనీరుగా ఆయన స్వదేశమునకు వచ్చిరి. నాల్వడి కృష్ణరాజ ఒడయరు మహారాజుగారు పాలించుచున్న కాలమది. 1902 నుండియు శివసముద్రము జలపాతము చెంత పుట్టిన విద్యుచ్ఛక్తి సుమారు 92 మైళ్ల దూరము తీగలమీద ప్రయాణము చేసి కోలారు బంగారు గనులను నడుపుచుండెను. ఆ గనులలో మన తెలుగువారును, తమిళులును వేలకొలదిగా పనిచేసిరి. వేసవిలో కావేరి చిక్కిపోవును; అప్పుడు విద్యుత్తు చాలకపోవును. వానకాలమున అదే నది ఉప్పొంగి సముద్రము పాలగును. మండ్య ప్రాంతపు మెట్టభూములు మాత్రము ఆ నదికి దాపుననే యుండియు ఎండుచుండెను. ఈ మూడింటికిని ఒకటే మందు కనబడెను. మైసూరునకు కొలది దూరమున, కన్నంబాడి గ్రామము కడ, కావేరికి అడ్డముగా గొప్ప ఆనకట్ట కట్టవలెను. అచ్చట ఆనకట్ట కట్టదలచినవారిలో ఈయనే మొదటివారు కారు. పని జరుగుచుండగా టిప్పు సుల్తాను నాటి పారసీక శిలాశాసన మొకటి దొరకెను. అందులోను అచ్చట ఆనకట్టకు పునాది వేసిన సంగతి యున్నది.

ఖర్చును చూచి రాజ్యపు పెద్దలు మొదట వెనుదీసిరి. మహారాజుగారు అంగీకరించిన పిమ్మట దిగువనున్న మదరాసు ప్రభుత్వము అడ్డు తెలిపెను. తంజావూరు రైతుల నీటికి లోటు కలుగునని వారి భయము. ఆ భయము నిరాధారమైనదని మేము అనజాలము. మైసూరువారు నలుబది శతకోటి ఘనపుటడుగులకు మించిన నీటిని నిలుపదలచిరి. నేటివారు టి.ఎం.సి. యని వ్యవహరించునది ఈ శతకోటి ఘనపుటడుగే. మదరాసువారు పదునొకండు శతకోట్లకు మాత్రమే ఒప్పుకొనిరి. 1911 నవంబరులో పని ప్రారంభమయ్యెను. విశ్వేశ్వరయ్యగారు అనుమతి లభించినది చిన్నకట్టకే యైనను, పునాదిని మాత్రము పెద్దకట్టకు తగిన వెడల్పుతోనే వేయించిరి. పెద్దకట్టకు అనుమతి రాకున్నచో ఆ యదనపు ఖర్చంతయు మట్టిపాలు. పునాదిని ఇరుకుగా వేసినచో పెద్దకట్ట ఎన్నటికిని లేదు. ఆయన ఆ సాహసమునకు పూనుకొనిరి. మదరాసువారికి అది కోపకారణమయ్యెను. వివాదము మధ్యవర్తియైన గ్రిఫిను దొరగారి ముందునకు పోయెను. 1914లో తీర్పు మైసూరునకు అనుకూలముగా వచ్చెను. మదరాసువారు దానిపై మరల మొరపెట్టుకొనిరి. తుదకు 1924 ఫిబ్రవరిలో ఉభయులకును ఒప్పందము కుదిరెను. ఆ యొప్పందము వలననే దిగువ మెట్టూరు ఆనకట్టకును దారి ఏర్పడి, అది 1934లో పూర్తియయ్యెను. సేలము, తిరుచినాపల్లి సీమలలో నున్న మన తెలుగు సోదరులు త్రాగు కావేరి నీటికి మెట్టూరే ఆధారము.

కన్నంబాడి పని రాత్రింబవళ్లు సాగెను. చీకటివేళ పెద్ద దీపములు వెలిగించి, వరద రాకమునుపే గోడను ఎత్తుటకు వేలమంది కూలీలు శ్రమించిరి. మలేరియా వారిని పీడించెను. ఆ కూలీల పేర్లు ఏ ఫలకము మీదను మనకు కనబడవు. సీమెంటు అప్పట్లో ఖరీదైన విదేశీ వస్తువు గనుక సున్నమును, సుర్కి యనబడు ఇటుకపొడిని కలిపిన గారతో రాతిగోడను కట్టిరి. ఆ గోడ పొడవు సుమారు 8,600 అడుగులు. ఎత్తు 130 అడుగులు. నూరేండ్లకు సమీపించియు అది నీటిని మోయుచునేయున్నది. నిండుమట్టము 124.80 అడుగులు, అప్పుడు నిలుచు నీరు 49 శతకోటి ఘనపుటడుగులకు పైగా. మహారాజుగారి పేరిట దానికి కృష్ణరాజసాగరమని పేరు పెట్టిరి.

నీరు నిలిచిన చోట ఊళ్లుండెను. కన్నంబాడితో కూడ పెక్కు గ్రామములు మునిగినవి. అచ్చటి జనులు తాతలనాటి పొలములను, ఇండ్లను విడిచి పోవలసి వచ్చెను. పాత కన్నంబాడిలోని వేణుగోపాలస్వామి దేవాలయము నీటిలో మునిగి, కరవు వచ్చి జలాశయము బాగుగా అడుగంటిన యేండ్లలో మాత్రము మరల బయటపడుచుండెను. ఆ గుడి కనబడుట దైవభక్తులకు సంతోషము, రైతులకు దుశ్శకునము. ఇటీవలి కాలమున దానిని రాతి వెంబడి రాయిగా విప్పి, ఒడ్డునకు మార్చి మరల నిలిపిరి. గొప్ప నిర్మాణములను కొనియాడునప్పుడు మునిగిన ఊళ్లను మరచుట మర్యాద కాదు గనుక ఈ సంగతి ఇచ్చట వ్రాసితిమి.

1912 నవంబరులో విశ్వేశ్వరయ్యగారు మైసూరు దివానులైరి. ఆరేండ్ల ఆ పాలనలో 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయము, 1917లో బెంగళూరి ఇంజనీరింగు కళాశాల వెలసినవి. భద్రావతి ఇనుప కార్ఖానాకు నాంది పలికిరి. 1915లో సర్ బిరుదము లభించెను. 1918లో పదవిని విడిచిరి. వెనుకబడిన తెగలవారికి ఉద్యోగములలో ప్రత్యేకముగా తావు చూపవలెనని మహారాజుగారు తలచగా, యోగ్యతను మాత్రమే చూడవలెనని ఈయన పట్టుబట్టుటయే అందులకు ముఖ్యకారణము. ఆ విషయమున మహారాజుగారిదే దూరదృష్టి యని మా యభిప్రాయము. చదువుకొను అవకాశమే లేనివాని యోగ్యతను ఏ త్రాసున తూచెదరు? పెద్దవారి గొప్పతనమును చెప్పునప్పుడు వారితో మనకు గల భేదమును దాచనక్కరలేదు.

ఆయన పోయిన తరువాత కట్ట పెరిగెను. 1924 జూలైలో కావేరికి మహావరద వచ్చి దిగువ సీమలను ముంచివేసెను. అప్పటికి ఆనకట్ట ఇంకను నిర్మాణములోనే యున్నది. 1931 ప్రాంతమున పని ముగిసెను. దాని నుండి బయలుదేరిన కాలువకు మొదట ఇర్విను ప్రభువు పేరుండెను. తరువాత విశ్వేశ్వరయ్య కాలువ యను పేరు వచ్చెను. కొండను తొలిచి సొరంగము గుండ పోవు ఆ కాలువ వలన మండ్య సీమలో లక్ష యెకరములకు పైగా నేల తడిసెను. రాగి, జొన్న పండిన చోట చెరకును వరియు పచ్చగా నిలిచెను. మండ్యలో చక్కెర కార్ఖానా వెలసెను. మండ్య పల్లెలలో నేటికిని కొన్ని యిండ్ల గోడల మీద దేవుళ్ల పటముల సరసను తలపాగా, కోటు ధరించిన ఈయన పటమును చూడవచ్చును.

ఆనకట్ట దిగువన నున్న బృందావనమును ఎరుగనివారు మనలో అరుదు. విహారయాత్రయనగానే మన పాఠశాలల పిల్లలు మొదట తలచునది అదియే. ఆ తోట విశ్వేశ్వరయ్యగారి పని కాదు. 1926లో దివానైన సర్ మీర్జా ఇస్మాయిలుగారు దానిని తలపెట్టిరి. జర్మను దేశపు ఉద్యానశాస్త్రజ్ఞుడు క్రుంబిగెలుగారు రూపుకట్టిరి. 1927లో ప్రారంభమై 1932లో పూర్తియైన ఆ తోట సుమారు అరువదియెకరములు. మెట్లు మెట్లుగా దిగు పచ్చిక, ఎగజిమ్ము ధారలు, రాత్రివేళ రంగురంగుల దీపములు చూచి ఆనందింపని బాలుడుండడు. మన చలనచిత్రములలోని పాటలకును అది రంగస్థలమయ్యెను. ఆ ధారలు ఎగయుట కట్ట వెనుక నిలిచిన నీటి యొత్తిడి మహిమయే. మీర్జాగారు ఆ తోట పెట్టించుట దుబారా యని అప్పుడు కొందరు అనుకొనియుండవచ్చును. మేము అట్లు తలపము. మామూలు జనులు ఒక ఆనకట్టను చూడ వచ్చుట ఆ తోట వలననే కలిగెను. కాని వినోదమునకు పోయినవారు జలాశయము ఎల్లప్పుడును నిండుగా ఉండవలెనని కోరుదురు. రైతు వేసవికి దానిని వాడుకొనవలెననును. దిగువ రాష్ట్రము తన వంతు వదలుమనును. బెంగళూరు త్రాగునీరు అడుగును. వరద వచ్చిన నాడు శ్రీరంగపట్టణము కడ నదీతీరవాసులు తలుపులు మెల్లగా తెరువుమని వేడుకొందురు. ఇందరి మాటలను ఒకే తలుపు వినవలసియున్నది.

వార్ధక్యమునను ఆయన విశ్రమింపలేదు. 1934లో భారతదేశమునకు ప్రణాళికాబద్ధమైన ఆర్థిక వ్యవస్థ కావలెనని గ్రంథము వ్రాసిరి. 1937లో ఒరిస్సా దేశమును మహానది వరదలు ముంచెత్తగా, గాంధీమహాత్ముని కోరికపై అచ్చటికి పోయి, నది డెల్టాను కాపాడుటకు ఎగువ జలాశయములు కట్టవలెనని సలహా యిచ్చిరి. మూసీకి 1909లో చెప్పిన మాటయే మహానదికిని చెప్పిరి. ఆ తలంపు తరువాత హీరాకుడు ఆనకట్టగా రూపొందెను. 1957లో దానికి ప్రారంభోత్సవము జరిగెను. తొంబదేండ్లు దాటిన వయస్సున గంగానదిపై మొకామా కడ వంతెన స్థలనిర్ణయమునకు స్వయముగా పోయి పరిశీలించిరి. 1955లో భారతరత్న బిరుదమును పొందిరి. 1960లో బెంగళూరి లాల్‌బాగులో శతసంవత్సరోత్సవము జరిగినప్పుడు ప్రధాని నెహ్రూగారు విచ్చేసిరి. 1962 ఏప్రిలులో బెంగళూరిలో పరమపదించిరి. వారి సమాధి ముద్దెనహళ్లిలోనే యున్నది. సెప్టెంబరు 15వ దినమును దేశమంతటను ఇంజనీర్ల దినముగా జరుపుచున్నారు.

కావేరి తగవు ఆయనతో ముగియలేదు. 1924 నాటి యొప్పందపు ఏబదేండ్ల గడువు 1974లో తీరిన పిమ్మట వివాదము మరల లేచెను. న్యాయాధికరణము 2007లో తుదితీర్పు చెప్పెను. సుప్రీముకోర్టు 2018 ఫిబ్రవరిలో దానిని కొంత సవరించెను. వానలు సరిగా కురిసిన యేట ఆ తీర్పుల మాట ఎవ్వరును ఎత్తరు. కరవు యేట ఉభయ రాష్ట్రములును వానిని అక్షరాక్షరము చదువుకొందురు. 2023లో వర్షములు కొరవడి కృష్ణరాజసాగరము నిండలేదు. మరుసటి వేసవిలో బెంగళూరిలో నీటికి కటకట యేర్పడెను. 2024 జూలైలో కొడగు కొండలలో భారీవర్షములు కురిసి జలాశయము నిండెను; తలుపులు తెరచి నీటిని దిగువకు వదలిరి.

జలాశయము నిండిన యేట కర్ణాటక ముఖ్యమంత్రిగారు కట్ట మీదికి వచ్చి, చేటలో పసుపు, కుంకుమ, గాజులు, ధాన్యము పెట్టి కావేరీమాతకు బాగినము సమర్పించుట ఆచారము. నిండని యేట ఆ వేడుక లేదు. జూన్ మాసము ప్రవేశించినది మొదలు, మైసూరు, మండ్య, బెంగళూరు పత్రికలు ఆనకట్ట నీటిమట్టమును దినదినమును అచ్చువేయును. మన పిల్లలు ఈ వర్షాకాలమున ఆ యంకెను ప్రతి ఉదయము చూచి ఒక పుస్తకములో వ్రాసికొనినచో, 124.80 అడుగుల గుర్తునకు అది ఏ దినమున చేరునో, చేరక ఆగునో వారికే తెలియును.